స్టెప్నీ మార్చే అరగంట: ప్రతి మెట్టు వెనుక ఒక కారణం

మంచిర్యాల నుంచి చంద్రాపూర్ వైపు సాగే 363వ నంబరు జాతీయ రహదారి మందమర్రి, బెల్లంపల్లి, ఆసిఫాబాద్‌ల మీదుగా మహారాష్ట్ర సరిహద్దుకు చేరుతుంది. బొగ్గు లారీలు, సిమెంటు లారీలు, ఆర్టీసీ బస్సులు, బొగ్గు బాయి షిఫ్టుకు పోయే మోటారు సైకిళ్లు, పెళ్లి బృందాలతో పోయే బొలేరోలు, స్కార్పియోలు, ఇన్నోవాలు అన్నిటికీ ఇదే దారి. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. తారు రోడ్డు 60 డిగ్రీలు దాటి కాగుతుంది. వానాకాలంలో రోడ్డు దిగితే రేగడి నేల, చక్రం దిగబడుతుంది. జన్నారం అడవి దారిలోనో, కెరమెరి ఘాటులోనో బండి ఆగితే పంక్చర్ షాపు కనుచూపు మేరలో ఉండదు, ఫోనుకు సిగ్నలూ దొరకకపోవచ్చు.

పంక్చరైతే బండి ఆగుతుంది, అంతవరకే. ప్రాణం మీదికి తెచ్చేవి ఆ తర్వాతి పొరపాట్లు: ఆగకూడని చోట ఆగడం, జాకీ జారడం, అరకొరగా బిగించిన నట్లు ఊడటం. స్టెప్నీ మార్చే క్రమాన్ని చాలామంది డ్రైవర్లు చూసి నేర్చుకుంటారు. చూసి నేర్చిన క్రమం కంగారులో తప్పుతుంది. ప్రతి మెట్టు ఎందుకో తెలిసినవారికి మాత్రం ఆ కారణమే తర్వాతి మెట్టును గుర్తుచేస్తుంది. అందుకే ఈ వ్యాసంలో పద్ధతితో పాటు దాని వెనకున్న భౌతికశాస్త్రాన్నీ చెప్పుకుందాం.

బరువు మోసేది గాలి

రెండు టన్నుల ఎస్‌యూవీలో ఒక్కో చక్రం మీద సుమారు 500 కిలోలు పడతాయి. టైరులో 33 పీఎస్‌ఐ గాలి ఉందంటే, ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 2.3 కిలోల ఒత్తిడి ఉన్నట్టు. 500ను 2.3తో భాగిస్తే 217 వస్తుంది. అంటే టైరు రోడ్డును తాకే చోటు సుమారు 217 చదరపు సెంటీమీటర్లు, అటూ ఇటూ 15 సెంటీమీటర్లు కూడా లేని చిన్న చదరం. బ్రేకు పట్టడం, మలుపు తిరగడం, వాన రోడ్డు మీద జారకుండా నిలవడం అన్నీ ఆ నాలుగు చదరాల మీదే ఆధారపడ్డాయి.

గాలి తగ్గితే ఆ చదరం పెద్దదవుతుంది. పట్టు పెరిగిందని సంతోషించేలోపే టైరు పక్కగోడ ఎక్కువగా వంగడం మొదలవుతుంది. మామూలు ఎస్‌యూవీ టైరు చుట్టుకొలత 2.3 మీటర్ల దాకా ఉంటుంది. 80 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు దాదాపు 10 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ రబ్బరు ఒకసారి వంగి, మళ్లీ నిటారవుతుంది. మందమర్రి నుంచి హైదరాబాదు చేరేసరికి ఇలా సుమారు లక్షసార్లు. వంగడానికి ఖర్చయిన శక్తి మొత్తాన్ని రబ్బరు తిరిగి ఇవ్వదు. కొంత లోపలే వేడిగా మిగిలిపోతుంది. పక్కగోడ ఎంత ఎక్కువ వంగితే అంత వేడి.

ఎండాకాలం గాలి తగ్గించాలా?

మన ప్రాంతంలో పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: ఎండాకాలంలో గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, టైరు పేలుతుంది, కాబట్టి నాలుగైదు పాయింట్లు తక్కువ కొట్టించాలి. ఇందులో మొదటి మాట నిజం, చివరి మాట ప్రమాదం.

లెక్క చూద్దాం. తెల్లవారుజామున 27 డిగ్రీల దగ్గర 33 పీఎస్‌ఐ గాలి పట్టించారనుకోండి. గేజి చూపేది బయటి వాతావరణం కన్నా అదనంగా ఉన్న ఒత్తిడి మాత్రమే. వాతావరణ పీడనం 14.7 కలిపితే అసలు ఒత్తిడి 47.7. పరుగులో లోపలి గాలి 57 డిగ్రీలకు చేరితే, పరమ ఉష్ణోగ్రత 300 కెల్విన్ల నుంచి 330కి పెరిగినట్టు, అంటే పది శాతం. ఒత్తిడీ పది శాతమే పెరుగుతుంది. గేజి దాదాపు 38 చూపుతుంది. పెరిగింది 5 పీఎస్‌ఐ. ఈ పెరుగుదలను టైరు తయారుచేసినవారు ముందే లెక్కలోకి తీసుకుంటారు. బాగున్న టైరు కేవలం ఒత్తిడితో పగలాలంటే దీనికి ఎన్నో రెట్లు కావాలి.

మరి ఎండలో టైర్లు ఎందుకు పేలుతున్నాయి? ఎక్కువగా తక్కువ గాలితో, ఎక్కువ బరువుతో, ఎక్కువ వేగంతో పరుగెత్తినందుకు. గాలి తగ్గిన టైరు పక్కగోడ అతిగా వంగుతుంది, వేడి పుడుతుంది, కాగుతున్న రోడ్డు ఆ వేడిని బయటికి పోనివ్వదు. లోపలి దారాల పొరలకూ ఉక్కు తీగల పట్టీకీ రబ్బరుతో ఉన్న అతుకు వీడుతుంది. చివరికి పొర విడిపోయి టైరు చీలుతుంది. గాలి తగ్గించడం ఈ వరుసను ఆపదు, మొదలుపెడుతుంది.

కాబట్టి డ్రైవరు తలుపు తెరవగానే పక్క స్తంభం మీద కనిపించే స్టిక్కరులోని అంకెనే పాటించాలి. ఏడుగురితో, సామానుతో పోతుంటే అదే స్టిక్కరు మీద నిండు బరువుకు వేరే అంకె ఉంటుంది. గాలిని బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడి టైరులో 38 కనిపించిందని 33 దాకా వదిలేస్తే, రాత్రి చల్లబడ్డాక అది దాదాపు 29కి పడిపోతుంది. నైట్రోజన్ నింపితే భయం లేదన్న మాటా అంత నిజం కాదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నెలకోసారి గేజితో చూసుకోవడం అంతకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

టైరు వయసూ చూడాలి. పక్కగోడ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు మార్చాల్సిందే. గాడుల అడుగున అడ్డంగా కనిపించే చిన్న రబ్బరు గట్లు ఆ హద్దును చూపడానికే ఉన్నాయి.

పేలిన క్షణంలో

ముందు టైరు పేలితే ఆ వైపు రాపిడి ఒక్కసారిగా పెరిగి బండి అటు లాగుతుంది. అలవాటు కొద్దీ కాలు బ్రేకు మీదికి పోతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే బండి బరువు ముందుకు ఒరుగుతుంది, దెబ్బతిన్న టైరు మీదే మరింత భారం పడుతుంది, లాగుడు పెరుగుతుంది. వెనక టైరు పేలితే బండి వెనకభాగం పక్కకు ఊగుతుంది. ఎస్‌యూవీకి గరిమనాభి ఎత్తులో ఉంటుంది కాబట్టి, ఆ సమయంలో స్టీరింగును ఒక్క ఉదుటున తిప్పితే బోల్తా పడే ముప్పు కారు కంటే ఎక్కువ.

చేయవలసినవి మూడు. స్టీరింగును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని బండిని తిన్నగా ఉంచాలి. యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీయాలి. వేగం తగ్గాక ఇండికేటరు వేసి ఎడమకు తీసుకెళ్లాలి.

ఎక్కడ ఆగాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. వెనకాల వచ్చే బొగ్గు లారీ డ్రైవరు కోణం నుంచి ఆలోచించండి. 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. రాత్రిపూట ముందేదో ఆగి ఉందని గుర్తించి బ్రేకు తొక్కేసరికి 2 సెకన్లు, అంటే 44 మీటర్లు. నిండు బరువుతో ఉన్న లారీ ఆ తర్వాత ఆగడానికి ఇంకో 60 మీటర్లు. మొత్తం వందకు పైనే. అందుకే హెచ్చరిక త్రికోణాన్ని బండి వెనకాలే నాలుగడుగుల్లో పెడితే ఉపయోగం లేదు. జాతీయ రహదారి మీద కనీసం 100 మీటర్లు, సుమారు 140 అడుగులు వేసి పెట్టాలి. మలుపు దాటాక ఆగితే మలుపుకు ముందే పెట్టాలి.

గాలి పోయిన టైరుతోనే ఓ 200 మీటర్లు మెల్లగా నడిపితే టైరు పాడవుతుంది, రిమ్ము వంగవచ్చు. అయినా చదునైన, విశాలమైన చోటు అంత దూరంలో ఉంటే వెళ్లండి. రిమ్ము డబ్బుతో వస్తుంది. కెరమెరి ఘాటు లాంటి వాలులో మాత్రం టైరు మార్చే పనే పెట్టుకోవద్దు. దిగువన చదును దొరికేదాకా నడిచే వేగంతో పోనివ్వండి. ఆగాక నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, బండిలోని వారందరినీ రోడ్డుకు దూరంగా ఎడమవైపు నిలబెట్టాలి. కుడివైపు టైరు పోయి, అటు లారీలు రాసుకుంటూ పోతుంటే పని మొదలుపెట్టకుండా సాయం పిలవడమే సరైనది. జాతీయ రహదారులకు 1033, అన్ని అత్యవసరాలకు 112.

స్టెప్నీ ఎక్కడుంది, ఎలా ఉంది?

తొలినాళ్ల కార్లకు విడి చక్రమే ఉండేది కాదు. పంక్చరైతే రోడ్డు పక్కనే టైరు ఊడదీసి అతుకు వేసుకోవాలి. 1904లో వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో, స్టెప్నీ వీధిలో, థామస్ మోరిస్ డేవిస్ స్పోకులు లేని రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి, పాడైన చక్రానికి బిగించుకునే ఏర్పాటు చేశాడు. స్టెప్నీ అన్న పేరు ఆ వీధిదే. 2020 అక్టోబరు నుంచి మన దేశంలో నిబంధన సడలింది: ట్యూబులెస్ టైర్లు, గాలి ఒత్తిడిని చూపే వ్యవస్థ, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. కాబట్టి మీ బండిలో అసలు స్టెప్నీ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

బొలేరోకు, థార్‌కు అది వెనక తలుపు మీద ఉంటుంది. స్కార్పియోకు, ఇన్నోవాకు బండి కింద వేలాడుతుంది. వెనక నుంచి కడ్డీ పెట్టి తిప్పితే కిందికి దిగుతుంది. కింద ఉండే స్టెప్నీ ఏడాది పొడవునా దుమ్ము, బురద తింటుంది. తాడు తుప్పు పట్టి దిగనని మొరాయించేది సరిగ్గా అవసరమైన రోజే. చాలా బండ్లలో అందరూ మరిచిపోయే ఐదో టైరు అదే. గాలి కొట్టించిన ప్రతిసారీ దానికీ కొట్టించండి.

స్టెప్నీ మిగతా టైర్లకంటే చిన్నదైతే 80 కిలోమీటర్ల వేగం దాటొద్దు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే దానితో ఫోర్ వీల్ వేయనే వద్దు. వ్యాసం తేడా వల్ల చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగి, గేర్ల మధ్య మెలిక పడి, లోపలి భాగాలు దెబ్బతింటాయి.

రాయి ఎందుకు పెట్టాలి?

హ్యాండ్‌బ్రేకు లాగాం, గేరులో పెట్టాం, ఇంక బండి ఎక్కడికి కదులుతుంది అనుకుంటారు. ఇక్కడే డిఫరెన్షియల్ సంగతి తెలియాలి. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడాకు వీలిచ్చేదే వెనక ఇరుసు మధ్య గుండ్రంగా కనిపించే డిఫరెన్షియల్. ఇంజను ఆపి గేరులో పెడితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కదలదు, నిజమే. కానీ వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచినప్పుడు, నేల మీదున్న రెండోది ముందుకు దొర్లవచ్చు. గాల్లో ఉన్నది వెనక్కి తిరిగి దానికి వీలిస్తుంది. గేరు ఇచ్చిన కట్టడి అక్కడితో పోయింది.

హ్యాండ్‌బ్రేకు చాలా బండ్లలో వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి లేపితే నేల మీద నిలిపేది మిగిలిన ఒక్క వెనక చక్రమే. కొన్ని పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదే పనిచేసేది. వాటిలో గేరుకు పట్టిన గతే దానికీ పడుతుంది. కాబట్టి లేపబోయే చక్రానికి ఎదురు మూలలో ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు గట్టిగా ఆనించి పెట్టాలి. కోణం ఉన్న చెక్క ముక్కలైతే మరీ మంచిది. గేరు, హ్యాండ్‌బ్రేకు, రాళ్లు మూడూ ఉండాలి. ఏ రెండూ మూడోదానికి బదులు కావు.

జాకీని నమ్మే హద్దు

కత్తెర జాకీలో మర ఒక్క చుట్టు తిరిగితే బండి కొద్ది మిల్లీమీటర్లే లేస్తుంది, మన చేయి మాత్రం మీటరు పైగా తిరుగుతుంది. దూరం ఎక్కువ, బలం తక్కువ. అలా 600 కిలోలను పదిలోపు కిలోల బలంతో లేపవచ్చు. మరలో రాపిడి వల్ల మన శ్రమలో పెద్దభాగం వృథా అవుతుంది. ఆ రాపిడే మనల్ని కాపాడుతుంది: చేయి తీసినా మర వెనక్కి తిరగదు. నూనెతో పనిచేసే బాటిల్ జాకీ వేరు. సన్నని ముషలకం మీది ఒత్తిడి పాస్కల్ సూత్రం ప్రకారం వెడల్పాటి ముషలకానికి చేరి బండిని లేపుతుంది. దాని సీలు పాతబడితే బండి మెల్లగా కిందికి జారుతుంది.

రెండింటికీ అసలు శత్రువు పక్కకు ఒరగడం. ఎస్‌యూవీ ఎత్తు ఎక్కువ కాబట్టి జాకీని చివరిదాకా సాచాలి. సాచినకొద్దీ నిలకడ తగ్గుతుంది. పైగా జాకీ పాదం 80 చదరపు సెంటీమీటర్లు ఉంటే, 600 కిలోల బరువుకు ఒక్కో చదరపు సెంటీమీటరు మీద ఏడున్నర కిలోలు పడతాయి. తడిసిన రేగడి అంత మోయలేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న గట్టి చెక్క కింద పెడితే అదే ఒత్తిడి కిలో లోపుకు దిగుతుంది. ఎస్‌యూవీలో ఎప్పుడూ ఉండాల్సిన వస్తువు ఆ చెక్క.

జాకీ పెట్టే చోటు బండి పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. ఛాసీ మీద కట్టిన బొలేరో, స్కార్పియోలకు ఒకచోట, ఒకే గూడుగా కట్టిన చిన్న ఎస్‌యూవీలకు ఇంకోచోట. తెలియని చోట పెడితే రేకు వంగి జాకీ జారుతుంది.

బాయి పని తెలిసిన ఇళ్లలో ఒక నియమం చిన్నపిల్లలకూ తెలుసు: ఆసరా పెట్టని పైకప్పు కింద అడుగు పెట్టకూడదు. జాకీ మీద నిలిచిన బండీ ఆసరా లేని కప్పే. దాని కిందికి తల, చెయ్యి, కాలు ఏదీ పోకూడదు. విప్పిన చక్రాన్ని పక్కన పడేయకుండా, జాకీకి దగ్గరగా బండి అంచు కింద పడుకోబెట్టండి. జాకీ జారినా బండి ఆ చక్రం మీద ఆగుతుంది. స్టెప్నీ బిగించాకే దాన్ని బయటికి తీయాలి.

నట్లు: ముందు వదులు, చివర గట్టి

చక్రం నేల మీద ఉన్నప్పుడే నట్లను అర చుట్టు వదులు చేయాలి. గాల్లో ఉంటే చక్రమే తిరుగుతుంది, పానా మీద వేసిన బలం బండిని జాకీ మీద ఊపుతుంది. పానాను ఎడమకు సాగేలా అమర్చి, చివర చేత్తో బలం వేయాలి. రాకపోతే ఇనుప గొట్టం తొడగండి. పానా పొడవు రెట్టింపైతే కావలసిన బలం సగమవుతుంది. ఈ పనికి కండబలం కంటే పొడవు ముఖ్యం. అందుకే ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా నిశ్చింతగా చేయగలరు.

బిగించడంలో ఇంకో సూక్ష్మం ఉంది. చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచేది నట్టు బిగించినప్పుడు బోల్టు అతి కొద్దిగా సాగి కలిగించే నొక్కుడు. 12 మిల్లీమీటర్ల బోల్టును 110 న్యూటన్ మీటర్ల బలంతో బిగిస్తే ఆ నొక్కుడు నాలుగు టన్నులు దాటుతుంది. ఐదు నట్లకు ఇరవై టన్నుల పైమాటే. మరలకు నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు అతిగా సాగుతుంది. కాబట్టి నూనె వద్దు. 60 కిలోల మనిషి 25 సెంటీమీటర్ల పానా చివర నిలబడితే దాదాపు 147 న్యూటన్ మీటర్లు పడతాయి. చాలా బండ్లకు ఇది అవసరానికి మించిన బిగింపు. పానా మీద ఎక్కి గెంతితే బోల్టు తెగే ముప్పు. మీ బండి పుస్తకంలో అసలు అంకె ఉంటుంది.

నట్టు ఏటవాలుగా ఉన్న వైపు రిమ్ములోకి పోవాలి. ఆ వాలే చక్రాన్ని సరిగ్గా మధ్యకు తెస్తుంది. మొదట వేళ్లతో తిప్పి, ఒకటి విడిచి ఒకటి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. పక్కపక్క నట్లను వరుసగా గట్టిగా బిగిస్తే చక్రం ఒకవైపు కూర్చుని, తర్వాత వదులవుతుంది. బండి కిందికి దిగాక చివరి బిగింపు, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి సరిచూడటం. పంక్చర్ షాపులో గాలి గన్నుతో అతిగా బిగిస్తే రోడ్డు మీద మీ పానాకు నట్టు రాదు. చివరి బిగింపు చేత్తో చేయమని అడగండి.

ట్యూబులెస్ టైరులో మేకు దిగినా గాలి మెల్లగా పోతుంటే, ఆ మేకును లాగేయకండి. గాలిని ఆపుతున్నది అదే. పక్కగోడ చిరిగితే మాత్రం అతుకుతో నడపకూడదు.

రెండు ఇతర ఆపదలు

ఎండలో ఇంజను వేడెక్కి ముల్లు ఎర్రగీతను తాకితే రేడియేటరు మూత తీయకండి. మూత కింద ఒత్తిడి ఉండబట్టే లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంది. మూత తీసిన మరుక్షణం ఒత్తిడి పోయి, నీరు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదికి ఎగుస్తుంది. ఇంజను పూర్తిగా చల్లబడ్డాకే మూత ముట్టుకోవాలి.

వానాకాలంలో పొంగే వాగు ఇంకా పెద్ద మోసం. ఎస్‌యూవీ ఎత్తుగా ఉంది కదా, దాటేస్తుంది అనుకుంటారు. నాలుగున్నర మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు బండికి అడుగుభాగం సుమారు 8 చదరపు మీటర్లు. ఆ అడుగుభాగం దాటి నీరు 25 సెంటీమీటర్లు పైకి వస్తే 2 ఘనపు మీటర్ల నీరు పక్కకు తప్పుకోవాలి, దాని బరువు 2 టన్నులు. బండి బరువూ అంతే. అంటే బండి తేలుతుంది. తేలకముందే టైర్ల మీది భారం తగ్గి పట్టు పోతుంది, ప్రవాహం పక్కకు తోస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఇక్కడ ఏమీ చేయలేదు. నీళ్లు తగ్గేదాకా ఆగడమే మార్గం.

ఇంటి ముందే ఒకసారి

ఇదంతా చదివితే సరిపోదు. వచ్చే ఆదివారం ఉదయం, చదునుగా ఉన్న ఇంటి ముందు స్థలంలో, ఇంట్లో బండి నడిపేవారందరినీ పిలిచి ఒకసారి స్టెప్నీ మార్చి చూడండి. జాకీ ఎక్కడుందో, పానా నట్టుకు సరిపోతుందో, స్టెప్నీ కిందికి దిగుతుందో, దానిలో గాలి ఉందో ఆ రోజే తెలుస్తుంది. గట్టి చెక్క, రెండు కోణపు ముక్కలు, త్రికోణం, తలకు కట్టుకునే టార్చి, చేతి తొడుగులు, గాలి గేజి, తాగునీరు ఒక సంచిలో పెట్టి బండిలోనే ఉంచండి. అవసరం పడిన రాత్రి, లారీలు హోరుమంటూ పోయే రోడ్డు పక్కన మిమ్మల్ని, మీ వాళ్లను కాపాడేది ఆ ఆదివారం చేసిన సాధనే. దాన్ని వాయిదా వేయకండి.